తువ్వాలు బరువు

ఆదివారం తిరగాల్సిన ఇళ్లలో అది ఆరోది, ఆఖరుది. మూడో అంతస్తు. లిఫ్టు తలుపుకి ‘పనిచేయదు’ అని అట్టముక్క మీద రాసి కట్టారు. ఆ అట్ట అంచులు చిరిగి వేలాడుతున్నాయి కాబట్టి లిఫ్టు పాడై చాలాకాలమే అయి ఉండాలి. సిస్టర్ ఒక భుజాన కాటా సంచి, రెండో భుజాన పిల్లల బరువులు రాసే కార్డుల సంచి తగిలించుకుని మెట్లెక్కింది. ప్రతి మలుపులోనూ ఆగి, ఆయాసమొచ్చి కాదు, సంచి జారితే ఆగానన్నట్టు పట్టీ సర్దుకుంది. చూసేవాళ్లెవరూ లేరు. అయినా పంతొమ్మిదేళ్లు వార్డులో పనిచేసిన మనిషికి అలసట దాచుకోవడం అలవాటు.

ఆ పంతొమ్మిదేళ్లూ పసిపిల్లల వార్డులోనే. వారానికి దొరికే ఒక్క సెలవురోజునా ఆమె ఇంటిపట్టున ఉండదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల కోసం ఊళ్లో ఒక సంస్థ ఉంది. ఆసుపత్రి ఇంటికి పంపేసిన పిల్లల్ని వారం వారం వెళ్లి తూచడం, తల్లులకి ధైర్యం చెప్పడం, పాలు పిండే మిషన్లు కొన్నాళ్లు వాడుకోవడానికి ఇవ్వడం వాళ్ల పని. జీతం లేని ఆ పనికి సిస్టర్ ఆరేళ్లుగా వెళ్తోంది. “సెలవురోజు కూడా ఊళ్లోవాళ్ల పిల్లల్ని తూచడమేనా?” అని మొగుడు అడిగితే, “నిన్ను తూస్తే ఏమొస్తుంది, పెరగడమే గానీ తగ్గడం లేదాయె” అని చెప్పులేసుకుంటుంది.

వార్డులో జూనియర్లు ఆమెకి చాటున పెట్టుకున్న పేరు కాటా సిస్టర్. బిడ్డ కింద పరిచే గుడ్డకీ బరువుంటుంది. అందుకని ముందు గుడ్డ పరచాలి, ఆ గుడ్డతోపాటు కాటాని సున్నా చేయాలి, ఆ తర్వాతే బిడ్డని పడుకోబెట్టాలి. “గుడ్డ, సున్నా, బిడ్డ” అని కొత్తగా చేరిన ప్రతి అమ్మాయి చేతా ఎక్కంలా వల్లె వేయిస్తుంది. వరస తప్పితే ఊరుకోదు. “కిలో బిడ్డకి పది గ్రాములంటే నీకు అరకిలోతో సమానం” అని అందరి ముందూ కడిగేస్తుంది.

తలుపు తీసింది పాప నాయనమ్మ.

“రామ్మా సిస్టరూ! మా గుప్పెడు పొద్దున్నించీ నీకోసమే చూస్తోంది.”

పుట్టినప్పుడు కిలో నూటయాభై గ్రాములుంది పాప. గుప్పెడంతే ఉందని నాయనమ్మ ఆ పేరు పెట్టింది. ఆవిడకి ఎడమ చెవి బొత్తిగా వినపడదు. కుడివైపున నిలబడి చెప్పినా గొంతు పెంచాలి. ఎడమవైపు నుంచి చెబితే నవ్వి తలూపుతుంది. ఆ ఊపుడు చూసి విన్నదనుకుంటే మన తెలివితక్కువే.

ఇల్లంతా ఒకటే గది, దాని వెనక వంటగది. చలిగాలి రాకుండా కిటికీకి దుప్పటి కట్టారు. పాప తండ్రి లారీ మీద వెళ్లాడు, శుక్రవారానికి గానీ రాడు. మంచం పక్కన స్టూలు మీద పాలు పిండే మిషను, దాని ముందు నాలుగు చిన్న సీసాలు ఉన్నాయి. ఒక్కో సీసాకీ అంటించిన కాగితం మీద ఏ టైముకి పిండిందో రాసి ఉంది. ఆ రాత తల్లిది. ఇరవై రెండేళ్ల పిల్ల. పాపకి చప్పరించే ఓపిక ఇంకా పూర్తిగా రాలేదు. యాభై రెండు రోజులుగా మూడు గంటలకోసారి పాలు పిండి, చెంచాతో పట్టిస్తోంది. కళ్ల కింద నలుపు చూస్తే చాలు, ఆ మూడు గంటల్లో ఎంత నిద్రపోతుందో తెలిసిపోతుంది.

సిస్టర్ చేతులు కడుక్కుని వచ్చి బల్ల మీద కాటా పెట్టింది. తన సంచిలోని పల్చటి గుడ్డ అయిదో ఇంట్లో బాబు తడిపేశాడు.

“పరవడానికి ఓ గుడ్డ ఉంటే ఇవ్వమ్మా” అంటూ కాటా ఆన్ చేసింది. సున్నాలు వచ్చాయి. సరిగ్గా అప్పుడే పెద్దావిడ వంటగది గుమ్మంలోంచి, “ఈ వారం రెండు కిలోలు దాటుతుందంటావా?” అని అడిగింది. సిస్టర్ జవాబు చెప్పింది. ఆవిడ నవ్వి తలూపింది. సిస్టర్ విసుగ్గా రెండడుగులు వేసి కుడిచెవి దగ్గర, “తూస్తే కదా పెద్దమ్మా తెలిసేది!” అని గట్టిగా అని వెనక్కి వచ్చింది. ఈలోగా తల్లి పాప బట్టలు విప్పి, చలేస్తుందని నీలం చారల తువ్వాలులో పెట్టి కాటా మీద పడుకోబెట్టింది. అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. రెండు వేల నలభై.

“రెండు దాటేసిందమ్మా!” అంది సిస్టర్. పోయిన ఆదివారం పదిహేడు వందల ఇరవై. ఒక్క వారంలో మూడు వందల ఇరవై గ్రాములు. వేరే రోజైతే ఆ అంకె దగ్గర ఆమె తప్పకుండా ఆగేది. ఆవేళ కాళ్లు పీకుతున్నాయి, ఇంటికెళ్లే బస్సు ఇంకో పావుగంటలో ఉంది. కార్డు మీద రాసి సంతకం పెట్టింది.

తల్లి పాపని ఎత్తుకుని అలాగే నిలబడింది. “అక్కా, రెండు కిలోలా? పెరిగింది గానీ అంత పెరగలేదేమో. ఎత్తుకుంటే అంత బరువు తెలియడం లేదు.”

“చేతులు అబద్ధం చెప్తాయి తల్లీ. కాటా చెప్పదు.”

ఆ పిల్ల పాపకి మళ్లీ బట్టలు తొడగసాగింది. పెద్దావిడ మాత్రం అప్పటికే బయటికెళ్లి పక్కింటావిడకి చెప్పేస్తోంది.

రెండు కిలోలు దాటిన బిడ్డ ఇంటికి సంస్థవాళ్లు రావడం ఆపేస్తారు, మిషను తిరిగి తీసుకుంటారు. దాని కోసం ఏడుగురు తల్లులు కాచుకుని ఉన్నారు, అందులో ఒకామెకి కవలలు. ఆ సంగతి సిస్టర్ చెబితే తల్లి సరేనంది. మిషను గొట్టాలు విడదీసి, వేడినీళ్లలో కడిగి, పొడిగుడ్డతో తుడిచింది. సంచిలో పెట్టేముందు ఒక్క క్షణం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“మంగళవారం ఆసుపత్రికి తీసుకురా. టీకా వేస్తారు. ఆవేళ ఓపీలో నేనే ఉంటా” అని చెప్పి సిస్టర్ మెట్లు దిగింది. బస్సు దొరికింది. కూర్చోవడానికి సీటు కూడా దొరికింది.

మంగళవారం ఓపీ గది బయట నలభై మంది తల్లులు ఉన్నారు. డాక్టరు కుర్రవాడు. తెల్లారింది మొదలు కుర్చీలోంచి లేవలేదు. అరిచినా అది కోపం కాదు, నీరసం. గది మూలన కాటా దగ్గర సిస్టర్ పిల్లల్ని తూచి అంకె పైకి చెబుతుంటే ఆయన రాసుకుంటున్నాడు.

గుప్పెడు వంతు వచ్చింది. సిస్టర్ కాటా మీద కాగితం వేసి, సున్నా చేసి, పాపని పడుకోబెట్టింది.

“పద్దెనిమిది వందల ఎనభై” అంది. అని, తనే ఉలిక్కిపడింది. తీసి మళ్లీ పడుకోబెట్టింది. పద్దెనిమిది వందల ఎనభై.

డాక్టరు ఆదివారం కార్డు తిప్పి చూశాడు. “మొన్న రెండు వేల నలభై. ఇవాళ పద్దెనిమిది వందల ఎనభై. రెండు రోజుల్లో నూట అరవై గ్రాములు! ఇది బిడ్డా, మంచుగడ్డా, కరిగిపోవడానికి? ఏం పడుతున్నావమ్మా పాపకి?”

“పాలేనండీ” అంది తల్లి. “మిషను లేదు కదాని చేత్తో పిండి పడుతున్నా. ఒక్క పూట కూడా మానలేదు.”

“మానకపోతే బరువు ఎక్కడికి పోయింది?”

డాక్టరు గొంతు పెద్దదే. పైగా ఆయన పెద్దావిడకి కుడివైపు కూర్చున్నాడు. “నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నా డాక్టరుగారూ” అందుకుంది ఆవిడ. “మిషను పెడితే గానీ రాని పాలు పాలా? దీనికి పాలు లేవు. ఆ మాటంటే నామీద మూతి ముడుస్తుంది. నా గుప్పెడు ఆకలికి మాడిపోతోంది.”

నిజం చెప్పాలంటే సిస్టర్‌కి కూడా మొదట తల్లి మీదే అనుమానం వచ్చింది. మిషను పోగానే నిర్లక్ష్యం చేసింది కాబోలు అనుకుని, ఆ పిల్ల వైపు కాస్త నిష్ఠూరంగానే చూసింది. అప్పుడు కనబడింది ఆమె భుజం మీద నీలం చారల తువ్వాలు. మందపాటిది, చాలాసార్లు ఉతికి ఇంకా ముద్దగా అయినది.

గుడ్డ, సున్నా, బిడ్డ. ఆదివారం ముందు సున్నా వచ్చింది. తర్వాత పెద్దావిడ కుడిచెవి. ఆ తర్వాత గుడ్డా బిడ్డా కలిసి వచ్చాయి.

డాక్టరు తలొంచుకుని రాస్తున్నాడు. సిస్టర్ ఆ పిల్ల భుజం మీది తువ్వాలు తీసుకుని, మడిచి, కాటా మీద పెట్టింది. నూట డెబ్భై నాలుగు. రెండు వేల నలభైలోంచి అది తీసేస్తే పద్దెనిమిది వందల అరవై ఆరు. అంటే పాప తగ్గలేదు. రెండు రోజుల్లో పద్నాలుగు గ్రాములు పెరిగింది. అదీ మిషను లేకుండా, వట్టి చేతులతో పిండిన పాలతో.

తలెత్తేసరికి తల్లి ఆమెనే చూస్తోంది. కాటా మీది తువ్వాలునీ అంకెనీ కూడా చూసింది. తర్వాత సిస్టర్ నోటి వైపు చూసింది.

చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. గుమ్మం దగ్గర ఇద్దరు జూనియర్లు నిలబడి ఉన్నారు. పోయిన వారమే వాళ్లలో ఒకమ్మాయిని ఇదే కాటా దగ్గర ఏడ్చేదాకా తిట్టింది. సిస్టర్ నోరు తెరిచింది. “నెక్స్ట్” అన్నాడు డాక్టరు. ఆమె తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఆ పిల్ల చేతికిచ్చింది. అంతే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది.

డాక్టరు రాసిన చీటీలో టీకా లేదు. డబ్బాపాలు మొదలుపెట్టమని ఉంది.

సంస్థకి ఉన్నది ఒకటే గది. సాయంత్రం సిస్టర్ వెళ్లేసరికి దాన్ని నడిపే టీచరమ్మ ఊలు టోపీలు రెండు బుట్టల్లోకి వేరుచేస్తోంది, నారింజ సైజువి ఒకదాంట్లో, బొప్పాయి సైజువి ఇంకోదాంట్లో. బడిలో రిటైరయ్యాక ఆవిడ ఈ పనిలోకి దిగింది. మంచి మనిషి. ఎవరికీ నొప్పి తగలకుండా పనులు జరగాలంటుంది.

సిస్టర్ జరిగింది చెప్పింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

“అయితే ఏమైందిప్పుడు?” అంది టీచరమ్మ. “రెండు కిలోలు లేదు కాబట్టి పాపని మళ్లీ లిస్టులో చేర్చేద్దాం. నువ్వు తెచ్చిన మిషను కవలల తల్లికి ఇచ్చేశాం, అది వెనక్కి అడగలేం. శనివారం ఇంకోటి వస్తుంది, ముందు వీళ్లకే ఇద్దాం. డబ్బాపాలు వద్దని రేపు సాయంత్రం నేను ఫోన్లో చెప్తాలే. కార్డు మాత్రం కదపొద్దు.”

“కార్డులో తప్పుంది కదా మేడం.”

“పిల్లలు ఓ వారం పెరుగుతారు, ఓ వారం తగ్గుతారు. ఎవరడుగుతారు? నువ్వు తప్పు తూచావని రాస్తే మన నలభై కార్డుల్నీ ఆసుపత్రివాళ్లు అనుమానిస్తారు. పైగా నువ్వు పెట్టించిన రూలే ఉంది, మర్చిపోయావా? తప్పు తూచినవాళ్లు నెల రోజులు కాటా ముట్టుకోకూడదు.”

మర్చిపోలేదు. రెండేళ్ల క్రితం ఒక కాలేజీ అమ్మాయి ఇరవై గ్రాములు తేడా రాస్తే, పట్టుబట్టి ఆ రూలు పెట్టించింది సిస్టరే. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. కోడలికి బుద్ధిచెప్పి అత్త తెడ్డి నాకిందంటే ఇదే.

“బిడ్డకి నష్టమేమీ లేదు కదా” అంది టీచరమ్మ మెత్తగా.

“బిడ్డకి లేదు. తల్లికి ఉంది. బిడ్డ ఎందుకు తగ్గిందని ఎవరూ కాటాని అడగరు మేడం. తల్లినే అడుగుతారు. ఇవాళ నా ఎదురుగానే అడిగారు. నేను అక్కడే ఉన్నా.”

ఆ చివరి మాట దగ్గర ఆమె తల దించుకుంది. సిగ్గుతోనే. టీచరమ్మ చేతిలో ఉన్న నారింజ సైజు టోపీని చూడకుండానే బొప్పాయి బుట్టలో వేసింది.

“నీ ఇష్టం” అంది చివరికి. “కానీ నెల రోజులు కాటా నాకిచ్చెయ్యాలి.”

“రేపు ఒక్క ఇల్లు ఉంది. అది అయ్యాక ఇచ్చేస్తా.”

బుధవారం పొద్దున్న డాక్టరు ఓపీకి వస్తుంటే వరండాలోనే ఆపింది. వెనక జూనియర్లు ఉన్నారని తెలుసు, అయినా ఆగలేదు. డాక్టరు విని, “మీరా సిస్టర్?” అన్నాడు. ఆ రెండు మాటలే రోజంతా చెవిలో గింగురుమన్నాయి. డబ్బాపాలు వద్దని మాత్రం కొత్త చీటీ రాసిచ్చాడు. జూనియర్ల నవ్వు వినపడుతుందేమోనని ఆమె చెవులు రిక్కించింది. నవ్వు వినిపించలేదు. పోయిన వారం ఏడ్చిన అమ్మాయి మధ్యాహ్నం టీ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

డ్యూటీ దిగి మూడో అంతస్తుకి ఎక్కేసరికి నాలుగున్నర అయింది. ఈసారి మెట్ల మలుపుల్లో సంచి సర్దుకుంటున్నట్టు నటించే ఓపిక కూడా లేదు. ఆగి, గోడకి చెయ్యి ఆనించి ఊపిరి తీసుకుంది.

తలుపు తీసే ఉంది. పెద్దావిడ మంచం అవతల నేల మీద కూర్చుని, కొత్త పాలడబ్బా మూతని చెంచా కాడతో లేపుతోంది. పక్కన వేడినీళ్ల గిన్నె. తల్లి పాపని గుండెకి ఆనించుకుని మంచం మీద ఉంది. సిస్టర్‌ని చూసి లేవలేదు. “రండక్కా” అని మాత్రం అంది.

“డబ్బా తీశారా?”

“ఇప్పుడే. నిన్నే తీస్తానన్నారు. ఒక్కరోజు ఆగమని బతిమాలా.” కొంచెం ఆగి, “మీరు వస్తారనుకున్నా” అంది.

సిస్టర్ సంచి దింపింది. చేతులు కడుక్కుంది. వార్డు నుంచి తెచ్చిన పల్చటి గుడ్డ కాటా మీద పరిచి, సున్నా చేసి, చేతులు చాచింది. తల్లి పాపని ఇవ్వబోతుంటే ఆపింది.

“ఆగు. ముందు నువ్వు చెప్పు, ఎంత ఉంటుంది?”

ఆ పిల్ల పాపని రెండు చేతుల్లో కాస్త పైకీ కిందికీ కదిపింది. “పంతొమ్మిది వందలు ఉండదక్కా. దగ్గర్లో ఉంటుంది.”

పద్దెనిమిది వందల తొంభై నాలుగు.

సిస్టర్ కార్డు తీసి మంచం మీద పెట్టింది. ఆదివారం అంకె మీద ఒక గీత కొట్టి, పక్కన 1866 వేసింది. దాని కింద ‘తువ్వాలుతో కలిపి తూచాను, పొరపాటు నాది’ అని రాసి సంతకం చేసి తారీఖు వేసింది. గడి ఇరుకు కావడంతో ‘నాది’ అంచు దాటి బయటికి వచ్చింది. అది రాస్తున్నంతసేపూ తల్లి ఆమె చేతినే చూసింది.

మంచానికి ఇవతల నిలబడే సిస్టర్ అంది, “పెద్దమ్మా, ఆదివారం నేనే తప్పు తూచాను. పాప ఏమీ తగ్గలేదు.”

పెద్దావిడ నవ్వి తలూపింది. “అదేనమ్మా నేననేదీ. నువ్వైనా చెప్పు దీనికి” అని డబ్బా మూత మీద ఇంకాస్త బలం పెట్టింది.

సిస్టర్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. చెప్పడమైతే చెప్పేసింది. చీటీ ఇచ్చి, కార్డు పెట్టేసి, వెళ్లిపోవచ్చు. రేపు నిదానంగా కోడలే చెప్పుకుంటుందిలే అనుకోవచ్చు. మోకాళ్లు అదే అంటున్నాయి.

“అది ఎడమ చెవి అక్కా” అంది తల్లి నెమ్మదిగా. “ఇటు నుంచి చెబితే వినపడదు.”

మంచానికీ గోడకీ మధ్య సందు ఇరుకు. సిస్టర్ స్టూలు జరిపి, పక్కకి తిరిగి దూరి, అవతలికి వెళ్లింది. నేల మీద మోకాలు ఆనించి పెద్దావిడ కుడిచెవి దగ్గరికి వంగింది. చేతిలోని చెంచా పట్టుకుని ఆపింది.

“పెద్దమ్మా, పాప తగ్గలేదు. ఆదివారం నేను తువ్వాలుతో కలిపి తూచాను. తప్పు నాది. నిన్న డాక్టరుగారి ముందు చెప్పకుండా ఊరుకున్నాను, అదీ నా తప్పే. మీ కోడలికి పాలున్నాయి. ఆ పాలతోనే మీ గుప్పెడు రోజూ పెరుగుతోంది.”

గొంతు పెంచి చెప్పింది కాబట్టి తెరిచిన తలుపులోంచి ఆ మాటలు మెట్ల దాకా వెళ్లాయి. పక్కింటి తలుపు కూడా తెరుచుకుంది.

పెద్దావిడ చెంచా వదిలేసింది. డబ్బా వైపు చూసింది, కోడలి వైపు చూసింది. వేడినీళ్ల గిన్నె మీద మూత పెట్టి, ఆ మూత మీద చెయ్యి అలాగే ఉంచింది.

సిస్టర్ మంచం పట్టుకుని లేవబోయింది.

“అక్కా” అంది తల్లి. “ఇంకోసారి చెప్పండి.”

“వినపడిందిలే తల్లీ ఆవిడకి.”

“వినపడింది. అయినా ఇంకోసారి చెప్పండి.”

ఆ పిల్ల ఏడవడం లేదు. పాప వీపు మీద చెయ్యేసుకుని, వానలో తడిసొచ్చిన మనిషి పొయ్యి దగ్గర కూర్చున్నట్టు కూర్చుంది. సిస్టర్ మళ్లీ మోకాలు ఆనించింది. తువ్వాలు దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఒక్క మాట కూడా తగ్గించకుండా, మొత్తం ఇంకోసారి చెప్పింది.